మా అమ్మాయి జడ్జి అవుతానంటోంది, చిన్న ఊళ్లో ఆ ఉద్యోగం ఎలా ఉంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాస్తానంటోంది. దానికి ముందు మూడేళ్లు ప్రాక్టీసు చేయాలట, ఉద్యోగం వచ్చినా ఏదో చిన్న ఊళ్లో వేస్తారట. అన్నేళ్లు వృథా చేసుకోవడం ఎందుకు, ఏదైనా కంపెనీలో లీగల్ ఉద్యోగం చూసుకోమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ప్రాక్టీసు సంగతి నిజమే. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, కింది స్థాయి జడ్జి పోస్టుకి కనీసం మూడేళ్లు లాయరుగా పనిచేసి ఉండాలనే నిబంధన మళ్లీ వచ్చింది. మొదటి పోస్టింగు చిన్న ఊళ్లో పడే అవకాశమే ఎక్కువ, అదీ నిజమే. వృథా అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఉద్యోగంలో రోజంతా ఏం జరుగుతుందో చెప్పాలి.

నేను కాలేజీలో ఉన్న రోజుల్లో మా నాన్నగారికి ఒక స్థలం దావా ఉండేది. వాయిదాలకి ఆయన వెంట నేనూ వెళ్లేవాడిని. ఏళ్లు గడిచాయి, జడ్జీలు మారారు, చివరికి ఆయన బోనెక్కే రోజు వచ్చింది. "ఆ దొడ్డి మా అనుభవంలోనే ఉందండీ" అన్నారు నాన్న. స్టెనోకి ఇంగ్లీషులో చెప్పి రాయిస్తున్న జడ్జిగారు అక్కడ ఆగిపోయి, "అనుభవం అంటే ఏమిటండీ, కంచె ఎవరు వేశారు, పన్ను ఎవరు కడుతున్నారు, తాళం ఎవరి దగ్గరుంది" అని ఒక్కొక్కటీ నెమ్మదిగా అడిగి అన్నీ రికార్డులో రాయించారు. ఎదుటి లాయరు లేచి ఏదో అనబోతే, ప్రశ్న అడిగే అధికారం సాక్ష్య చట్టం కోర్టుకి ఇచ్చిందని చెప్పి కూర్చోబెట్టారు. ఆ కేసు మేము సగమే గెలిచాం. అయినా నాన్న ఆ జడ్జిగారి గురించి ఎప్పుడు మాట్లాడినా "నా మాట పూర్తిగా విన్నాడు" అనేవారు.

అసలు పని అదేనమ్మా. సాక్షి తెలుగులో చెబుతాడు, చాలాచోట్ల రికార్డు ఇంగ్లీషులో ఉంటుంది, తీర్పూ ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తుంది. "తోశాడు" అన్నది "కొట్టాడు"గా మారినా, "చేబదులు" అన్నది మామూలు అప్పుగా మారినా, పై కోర్టులు ఆ తర్వాత చదివేది ఆ కాగితాన్నే. సాక్షి ముఖం చూసే అవకాశం, ఎక్కడ తడబడ్డాడో గమనించే అవకాశం ఆ మొదటి జడ్జికే ఉంటుంది. రాత పరీక్షలో సివిల్, క్రిమినల్ పేపర్లతో పాటు ఇంగ్లీషు పేపర్లో అనువాదం కూడా పెట్టేది ఇందుకే అని నేననుకుంటాను. మార్కుల కోసం దాన్ని చివరి వారంలో చూసుకుందామనుకునే పిల్లలు చాలామంది కనిపిస్తారు, మీ అమ్మాయిని మాత్రం ఆ పొరపాటు చేయనివ్వకండి.

చాలా చిన్న ఊళ్లలో జూనియర్ సివిల్ జడ్జే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కూడా. అంటే ఉదయం కాల్ వర్క్ (ఆ రోజు కేసులన్నీ పిలిచి వాయిదాలు వేయడం), ప్రోనోటు దావాలు, ఇంజంక్షన్లు, భాగపంపకాలు, చెక్ బౌన్సులు, భార్యాబిడ్డల మనోవర్తి కేసులు, వీటితో పాటు పోలీసులు పట్టుకొచ్చిన మనిషిని చూడటం కూడా ఆమె పనే. అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి కాబట్టి ఆదివారం రాత్రి ఇంటికే తీసుకొస్తారు. అప్పుడు రిమాండు కాగితం మీద సంతకం పెట్టి పంపించేయడం చాలా తేలిక. కానీ మనసు పెట్టి పనిచేసే మేజిస్ట్రేటు పోలీసుల్ని కాస్త దూరంగా నిలబెట్టి, "నిన్ను కొట్టారా, ఇంట్లోవాళ్లకి తెలుసా, లాయరు ఉన్నాడా" అని అడుగుతుంది. పేదవాడికి ఆ రెండు నిమిషాలే పెద్ద రక్షణ. ఇంకొకటి కూడా మీరు తెలుసుకోవాలి. కాలిన గాయాలతో ఎవరైనా ఆసుపత్రికి వస్తే మరణ వాంగ్మూలం రాసుకోవడానికి అర్ధరాత్రి కూడా కబురు వస్తుంది. ఆ మనిషి స్పృహలో ఉందో లేదో డాక్టరుతో నిర్ధారించుకొని, పక్కన చుట్టాలెవరూ లేకుండా చేసి, ఆమె మాటల్లోనే రాయాలి. మీ అమ్మాయి దీనికి సిద్ధమేనా అని ఆమెనే అడగండి, మీరు భయపడి ముందే వద్దనకండి.

కష్టాలు దాచను. మామూలుగా మూడేళ్లకోసారి బదిలీ ఉంటుంది, సొంత ఊరికి దూరంగా ఉండాలి. ఊళ్లో అందరూ గుర్తుపడతారు, అయినా ఎవరితోనూ చనువుగా ఉండలేరు, లాయర్ల ఇళ్లలో ఫంక్షన్లకి వెళ్లాలన్నా పదిసార్లు ఆలోచించాలి. నెలకి ఇన్ని కేసులు తేల్చాలని యూనిట్ల లెక్క ఉంటుంది, ఆ టెన్షన్‌లో తేలిక కేసులు ముందు తేల్చేసి, ఇరవై ఏళ్ల నాటి పాత ఫైలుని పక్కకి నెట్టాలనిపిస్తుంది. డిక్రీ, అంటే గెలిచిన తీర్పు, వచ్చినా దాన్ని అమలు చేయమని వేసే ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) దగ్గర ఆగిపోయిన ముసలివాళ్లు ప్రతి కోర్టులోనూ ఉంటారు. వాళ్ల ఫైలు తనంతట తాను బయటికి తీయించే జడ్జిని ఆ ఊరు ఎన్నేళ్లయినా మరిచిపోదు. పెళ్లి సంగతి కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. అబ్బాయి లాయరైతే ఆమె కోర్టులో వాదించకూడదు, ఉద్యోగస్థుడైతే బదిలీల విషయం ముందే మాట్లాడుకోవాలి. అంతకు మించి అడ్డేమీ లేదు.

జీతం గురించి: రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్ ప్రకారం జూనియర్ సివిల్ జడ్జికి మూల వేతనమే రూ.77,840తో మొదలవుతుంది, సీనియర్ సివిల్ జడ్జికి రూ.1,11,000, జిల్లా జడ్జికి రూ.1,44,840. డీఏ వగైరా వేరే. పైకి వెళ్లే దారి కూడా ఇప్పుడు మెరుగైంది. జిల్లా జడ్జి పోస్టుల్లో 25 శాతం, సర్వీసులో ఉన్నవాళ్లు పోటీ పరీక్ష రాసి త్వరగా చేరడానికి కేటాయించారు. 2025 అక్టోబరులో వచ్చిన రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ప్రకారం, లాయరుగా, జడ్జిగా కలిపి ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు జిల్లా జడ్జి నేరుగా భర్తీకి కూడా పోటీ పడవచ్చు. ఫాతిమా బీవీ 1958లో కేరళలో మున్సిఫ్‌గా (జూనియర్ సివిల్ జడ్జికి పాత పేరు) మొదలుపెట్టి 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. అందరికీ అలా జరగదు, చాలామంది జిల్లా జడ్జిగానే రిటైరవుతారు. అది కూడా నిండు జీవితమే అని నా నమ్మకం.

ఇక ఆ మూడేళ్ల మాట. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా తాత్కాలిక నమోదు) తేదీ నుంచే ప్రాక్టీసు లెక్కిస్తారు కాబట్టి పట్టా రాగానే బార్ కౌన్సిల్‌లో నమోదు చేయించండి, ఆలస్యం చేయొద్దు. పదేళ్లకి తగ్గని అనుభవమున్న లాయరు ఇచ్చే సర్టిఫికెట్‌ని అక్కడి ప్రధాన జడ్జి ధ్రువీకరించాలి. అందుకని పేరు కోసం ఎవరి ఆఫీసులోనో చేరి, ఇంట్లో కూర్చుని గైడ్లు చదివితే కుదరదు. తాలూకా స్థాయి కోర్టులో, సివిల్ కేసులు ఎక్కువగా చూసే సీనియర్ దగ్గర చేరమనండి. మొదటి ఏడాది వాయిదాలు తీసుకోవడం, ప్లెయింట్లు (దావా అర్జీలు) రాయడం, రెండో ఏడాదికి చిన్న క్రాస్‌లు (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేయడం వస్తే చాలు. సాయంత్రం రెండు గంటలు చదువు. 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లో ఉన్నాయి, పాత కేసులు పాత సెక్షన్లతోనే నడుస్తున్నాయి. అందుకే రెండూ నోటికి రావాలి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు వయసు, ప్రాక్టీసు షరతులు హైకోర్టు ఇచ్చిన దాన్లోనే చూసుకోండి.

ఈలోగా ఒక పని చేయండి. సెలవుల్లో పది రోజులు ఆమెని దగ్గర్లోని మున్సిఫ్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోమనండి, అక్కడికి ఎవరైనా వెళ్లవచ్చు. కాల్ వర్క్ అయ్యాక హాలు సగం ఖాళీ అవుతుంది. ఆమె మాత్రం లేవకుండా సాక్షుల విచారణ అయ్యేదాకా ఉండాలి. రోజూ ఇంటికొచ్చి మీకు చెప్పేది లాయర్ల వాదనల గురించా, బోనులో నిలబడ్డ మనుషుల గురించా గమనించి నాకు మళ్లీ రాయండి.