మూడు నెలలకే సోల్ ఊడుతున్న స్కూల్ బూట్లు: సమాధానం

జూన్‌లో 700 రూపాయలు పెట్టి కొన్న స్కూల్ బూట్లు సెప్టెంబరుకే నోరు తెరిచాయి, ఇంకా ఖరీదైనవి కొనాలా అని అడిగారు. సోల్‌కు కుట్టు లేకపోవడమే కారణం అయివుంటుంది. గమ్ము ఒక్కటే ఆపుతోంది. 1,200 జతలోనూ ఇదే కథ ఉండొచ్చు కాబట్టి "ఇంకా ఖరీదైనవి కొనాలా" అన్న టెన్షన్ వద్దు.

ముందు ఊడిన చోట గోరుతో గీకండి.

1. శుభ్రంగా విడిపోయి ఉంటే బాగుచేయొచ్చు. లోపలి దుమ్ము తుడిపించి, గమ్ము పెట్టించి, సోల్ చుట్టూ కుట్టు వేయించండి.

2. సోల్ పిండిలా రాలుతుంటే అది పాత స్టాకు పీయూ (పాలీయురేథేన్ అనే నురగలాంటి ప్లాస్టిక్) సోల్. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలో తేమకే పాడవుతుంది. దానికి కుట్టు కూడా నిలవదు. బిల్లు పట్టుకుని షాపుకే వెళ్లండి.

చాలామంది మరిచేది: ఊడాక కుట్టించడం కాదు, కొత్త జతను వేసుకోకముందే కుట్టించాలి. ఒకసారి సందులో మట్టి దూరాక, దాన్ని పూర్తిగా తుడవకపోతే ఏ గమ్మూ సరిగ్గా పట్టదు. మా వాడు ఆ నల్ల బూట్లతోనే ఫుట్‌బాల్ ఆడతాడు, అయినా కుట్టిన జత ఏడాది వచ్చింది.

వచ్చే ఏడాదికీ సరిపోతాయని రెండు సైజులు పెద్దవి కొనకండి. మడత పడకూడని చోట పడి ముందు భాగం త్వరగా విచ్చుకుంటుంది. సాక్సు వేసి నిలబడితే ముందు చేతి బొటనవేలు వెడల్పు ఖాళీ చాలు.

వానల్లో బూట్లు తడిస్తే లోపలి అట్ట తీసి, పేపరు కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. పొయ్యి దగ్గర పెడితే గమ్ము వదిలేస్తుంది.