లినక్స్‌కి కంట్రోలర్ కొనేటప్పుడు కంపెనీ కన్నా డ్రైవర్ ముఖ్యం

అడిగిన ప్రశ్న ఇది: లినక్స్‌లో గేమ్స్ ఆడటానికి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ కొనాలా, ప్లేస్టేషన్‌దా, లేక చవకరకం ఏదైనా సరిపోతుందా?

కేబుల్‌తో ఆడటానికి ఇబ్బంది లేదంటే ఎక్స్‌బాక్స్ తరహాది ఏదైనా తీసుకోండి. కేబుల్ అడ్డం, బ్లూటూతే కావాలంటే ప్లేస్టేషన్ 5 కంట్రోలరైన డ్యుయల్‌సెన్స్ తీసుకోండి. రేసింగ్ గేమ్స్ ఆడేవాళ్లు నింటెండో స్విచ్ ప్రో జోలికి పోకండి. జవాబు ఇంతే. కానీ "అందరూ ఎక్స్‌బాక్సే అంటున్నారు కదా" అని కళ్లు మూసుకుని కొనేసి బ్లూటూత్ దగ్గర ఇరుక్కుపోయేవాళ్లే ఎక్కువ, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

లినక్స్‌లో కంట్రోలర్ పనిచేయాలంటే కెర్నల్‌లోని, అంటే లినక్స్ గుండెకాయలోని, ఏదో ఒక డ్రైవర్ (పరికరంతో మాట్లాడే ప్రోగ్రామ్) దాన్ని గుర్తుపట్టాలి. ఎక్స్‌బాక్స్ 360, వన్, సిరీస్ కంట్రోలర్లను కేబుల్‌తో పెడితే ఎక్స్‌ప్యాడ్ అనే డ్రైవర్ అందుకుంటుంది. ఇది ఎప్పటినుంచో కెర్నల్‌లోనే ఉంది, విడిగా ఏదీ ఎక్కించక్కర్లేదు. డ్యుయల్‌సెన్స్‌కి హిడ్-ప్లేస్టేషన్. దీన్ని సోనీయే రాసి ఇచ్చింది, 2021లో వచ్చిన 5.12 కెర్నల్‌లో చేరింది. ప్లేస్టేషన్ 4 కంట్రోలరైన డ్యుయల్‌షాక్ 4ను అంతకుముందు హిడ్-సోనీ చూసుకునేది, 6.2 నుంచి అదీ హిడ్-ప్లేస్టేషన్ కిందికే వచ్చింది. స్విచ్ ప్రో, జాయ్-కాన్‌ల కోసం హిడ్-నింటెండో 5.16లో వచ్చింది. కాబట్టి కొనే ముందు టెర్మినల్‌లో యూనేమ్ -ఆర్ కొట్టి మీ కెర్నల్ ఎంతో చూసుకోండి. పాత ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్) మీద కూర్చుని కొత్త కంట్రోలర్ కొని, లినక్స్‌ని తిడితే లాభం లేదు.

ఎక్స్‌బాక్స్‌తో అసలు చిక్కు ఏంటంటే, చూడటానికి ఒకటే కంట్రోలర్, కానీ కలిపే దారిని బట్టి మూడు వేర్వేరు డ్రైవర్లు. కేబుల్ అయితే ఎక్స్‌ప్యాడ్, హాయిగా పనిచేస్తుంది. బ్లూటూత్ అయితే కెర్నల్‌లో ఉన్న మామూలు హిడ్ (కీబోర్డు, మౌస్ లాంటివాటిని చూసుకునే) డ్రైవర్‌తో బటన్లు నడుస్తాయి గానీ, వైబ్రేషన్, బటన్ల వరుస, బ్యాటరీ సరిగ్గా కావాలంటే ఎక్స్‌ప్యాడ్‌నియో అనేది విడిగా ఎక్కించాలి. మైక్రోసాఫ్ట్ అమ్మే వైర్‌లెస్ డాంగిల్ అయితే ఎక్సోన్ అనే మరో డ్రైవర్ కావాలి, దాని ఫర్మ్‌వేర్‌ని (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ని) మళ్లీ విడిగా దించుకోవాలి. ఈ రెండూ డీకేఎంఎస్ మాడ్యూళ్లు, కెర్నల్‌కి బయటినుంచి తగిలించే ముక్కలు. అంటే కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ తిరిగి బిల్డ్ అవ్వాలి. కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ లేకపోతే ఆ బిల్డ్ చడీచప్పుడు లేకుండా ఫెయిలవుతుంది. నిన్నటిదాకా పనిచేసిన కంట్రోలర్ ఇవాళ పనిచేయదు, మీరేమో బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటారు. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని నడవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే ఇంకో ముచ్చట: మాడ్యూల్ బిల్డ్ అవుతుంది, లోడ్ అవ్వదు. మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో లోడ్ చేయబోతే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంటుంది. మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో సంతకం కీని ఇంపోర్ట్ చేసి, రీబూట్‌లో వచ్చే నీలం తెర మీద ఎన్‌రోల్ చేస్తే గానీ వదలదు.

బ్లూటూత్ గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది పూటలు పోయేది ఇక్కడే. ముందు అసలు మీ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో బ్లూటూత్ ఉందో లేదో చూడండి. బ్యాటరీ మూత తీస్తే లోపల మోడల్ నంబర్ ఉంటుంది. 1537, 1697 అయితే లేదు. 1708, 1914 అయితే ఉంది. మూత తీసే ఓపిక లేకపోతే ఎక్స్‌బాక్స్ గుర్తున్న బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చూడండి. అది పైనున్న బంపర్లతో కలిసిన మెరిసే ముక్కయితే బ్లూటూత్ లేనట్టు, ముందు భాగంతో కలిసిన ముక్కయితే ఉన్నట్టు. వాడేసినవి కొనేవాళ్లు ఫోటో చూసే ఇది తేల్చుకోవచ్చు.

ఉన్నవాటిలోనూ ఒక రోగం బాగా కనిపిస్తుంది. జత చేయగానే, బ్లూటూత్ పరికరాల్ని కలిపే బ్లూటూత్‌సీటీఎల్ కమాండ్‌లో "కనెక్టెడ్: యెస్" అని వస్తుంది, మరుక్షణం "కనెక్టెడ్: నో", మళ్లీ యెస్, మళ్లీ నో. కంట్రోలర్ లైట్ మెరుస్తూనే ఉంటుంది, స్థిరపడదు. మొదటి అనుమానితుడు కంట్రోలర్ లోపలి పాత ఫర్మ్‌వేర్. దాన్ని అప్‌డేట్ చేయాలంటే విండోస్‌లోని ఎక్స్‌బాక్స్ యాక్సెసరీస్ యాప్ కావాలి, లేదా ఎక్స్‌బాక్స్ కన్సోల్ కావాలి. లినక్స్‌లో వాడుకుందామని కొన్న వస్తువుకి వైద్యం చేయించాలంటే విండోస్ ఉన్నవాడి ఇంటికి మోసుకెళ్లాలి. ఎక్స్‌బాక్స్‌ని గుడ్డిగా సిఫార్సు చేసేవాళ్లు ఈ సంగతి ఎందుకో చెప్పరు.

ఫర్మ్‌వేర్ సరిగ్గానే ఉంటే లినక్స్‌లో బ్లూటూత్‌ని నడిపే బ్లూజ్ సెట్టింగ్స్ చూడండి. ఈటీసీ కింద బ్లూటూత్ ఫోల్డర్‌లో ఉన్న మెయిన్.కాన్ఫ్ ఫైల్ తెరిచి జస్ట్‌వర్క్స్‌రీపేరింగ్ అనే వరుసని ఆల్వేస్ చేసి, బ్లూటూత్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. తర్వాత పాత జతని బ్లూటూత్‌సీటీఎల్‌లో రిమూవ్ కమాండ్‌తో పూర్తిగా తీసేయండి. ఇది తీయకుండా మళ్లీ మళ్లీ పెయిర్ చేస్తే మొదటికే మోసం. అప్పుడు వరుసగా స్కాన్ ఆన్, పెయిర్, ట్రస్ట్, కనెక్ట్. ఇందులో ట్రస్ట్‌ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే ఇవాళ బాగానే ఆడతారు, రేపు కంట్రోలర్ ఆన్ చేసినప్పుడు అది తనంతట తాను కలవదు.

విండోస్, లినక్స్ రెండూ ఒకే మెషీన్‌లో పెట్టుకున్నవాళ్లకి ఇంకో మెలిక. రెండు ఓఎస్‌లకీ బ్లూటూత్ అడాప్టర్ ఒకటే, అడ్రస్ కూడా ఒకటే, కానీ జత చేసినప్పుడు పుట్టే కీ వేరు. విండోస్‌లో పెయిర్ చేయగానే లినక్స్ దగ్గరున్న కీ చెల్లదు. విండోస్ రిజిస్ట్రీలోని కీని తీసి వార్, లిబ్, బ్లూటూత్ ఫోల్డర్ కింద కంట్రోలర్ అడ్రస్ పేరున ఉన్న ఫోల్డర్‌లోని ఇన్ఫో ఫైల్‌లో పెట్టొచ్చు గానీ, అంత శ్రమ కన్నా కేబుల్ నయం. అన్నట్టు, సిగ్నల్ తెగిపోతుంటే బ్లూటూత్ డాంగిల్‌ని యూఎస్‌బీ 3 పోర్టు పక్కనుంచి తీసి చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం పెట్టండి. ఆ పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి. సగం ఫిర్యాదులు దీంతోనే తీరిపోతాయి.

డ్యుయల్‌సెన్స్‌లో ఇంత గొడవ లేదు. క్రియేట్ బటన్, పీఎస్ బటన్ రెండూ కలిపి నొక్కిపట్టి, లైట్ గబగబా మెరిసేదాకా ఆగి పెయిర్ చేస్తే అయిపోతుంది. గైరో (కంట్రోలర్ వంపును పట్టే సెన్సర్), టచ్‌ప్యాడ్, లైట్, బ్యాటరీ శాతం అన్నీ కెర్నల్ డ్రైవరే ఇస్తుంది. చిక్కు ఒకటే: టచ్‌ప్యాడ్‌ని డెస్క్‌టాప్ మామూలు టచ్‌ప్యాడ్ అనుకుంటుంది. ఆట మధ్యలో బొటనవేలు తగిలితే మౌస్ పాయింటర్ తెర మీద తిరుగుతుంది. యూడెవ్ రూల్ (పరికరాల గురించి లినక్స్‌కి ఇచ్చే సూచన) ఒకటి రాసి, ఆ టచ్‌ప్యాడ్ పేరు మీద లిబ్‌ఇన్‌పుట్_ఇగ్నోర్_డివైస్‌ని 1 చేస్తే ఆగిపోతుంది. ట్రిగ్గర్లు బిగుసుకునే ఫీచర్, సన్నటి హాప్టిక్స్ (చేతికి తెలిసే కంపనాలు) కావాలంటే ఆటలో ఆ సపోర్ట్ ఉండాలి, ఆ ఆటకి స్టీమ్ ఇన్‌పుట్‌ని (గేమ్స్ అమ్మే స్టీమ్ యాప్‌లో, కంట్రోలర్ సిగ్నల్‌ని మధ్యలో మార్చి ఇచ్చే ఫీచర్‌ని) ఆపాలి. హాప్టిక్స్‌కైతే కేబుల్ తప్పనిసరి, ఎందుకంటే ఆ సిగ్నల్ యూఎస్‌బీ ఆడియో రూపంలో వెళ్తుంది. లోపలి బ్యాటరీ ముసలిదైతే విప్పి మార్చాలి. ఈ ఒక్క విషయంలో ఎక్స్‌బాక్స్ వాళ్ల పెన్సిల్ సెల్సే మేలు.

స్విచ్ ప్రోని రేసింగ్‌కి ఎందుకు వద్దన్నానంటే, దాని ట్రిగ్గర్లు ఉత్త బటన్లు. నొక్కితే పూర్తి యాక్సిలరేటర్, వదిలితే సున్నా, మధ్యలో ఏమీ ఉండదు. పైగా ఏ-బీ, ఎక్స్-వై తారుమారుగా ఉంటాయి. తెర మీద "ఏ నొక్కు" అంటే మీ వేలు తప్పు బటన్ మీదికి పోతుంది.

ఇక చవకరకాలు. పాత డీ-ఇన్‌పుట్ (విండోస్ పాత పద్ధతి) రకం ప్యాడ్‌లు, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీలో 0079:0006 డ్రాగన్‌రైజ్ అని కనిపించేవి, లినక్స్‌కి బాగానే కనిపిస్తాయి. ఎక్స్‌బాక్స్ పద్ధతైన ఎక్స్‌ఇన్‌పుట్ కోసమే రాసిన ఆటలు మాత్రం వాటిని పట్టించుకోవు, స్టీమ్ ఇన్‌పుట్ మధ్యలో ఉండాలి. మోడ్ మార్చే స్విచ్ ఉన్నవి కొంటే ఎక్స్ మోడ్‌లో పెట్టి వాడండి. చాలా 8బిట్‌డో మోడళ్లలో ఎక్స్, స్టార్ట్ కలిపి నొక్కి ఆన్ చేస్తే ఆ మోడ్‌లోకి వెళ్తుంది. అసలు ప్రమాదం ఎక్స్‌బాక్స్ 360 వేషం వేసుకొచ్చే నకళ్లతో. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ -డబ్ల్యూ నడుపుతూ గుచ్చి చూడండి: ఒక పేరుతో కనెక్ట్ అవుతుంది, డిస్కనెక్ట్ అవుతుంది, కొద్దిసేపట్లో వేరే ఐడీతో మళ్లీ వస్తుంది. మీ మెషీన్ ఏ రకమో ఆ ప్యాడ్ తేల్చుకోలేక వేషాలు మారుస్తోందన్నమాట. మధ్యలోని హోమ్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కిపడితే కొన్ని దారికొస్తాయి. రాకపోతే వాపసు ఇచ్చేయండి.

ఏది కొన్నా వాపసు గడువు లోపల ఈవ్‌టెస్ట్ (బటన్లు, స్టిక్‌ల అంకెలు చూపే ప్రోగ్రామ్)తో పరీక్షించండి. సుడో ఈవ్‌టెస్ట్ అని కొట్టి, వచ్చిన పట్టికలో కంట్రోలర్ ఎంచుకోండి. స్టిక్ ముట్టుకోకుండా వదిలేస్తే విలువ నడిమధ్యన ఉండాలి. ఎక్స్‌ప్యాడ్‌లో స్టిక్ పరిధి -32768 నుంచి 32767, అంటే సున్నా దగ్గర. డ్యుయల్‌సెన్స్‌లో 0 నుంచి 255, అంటే 128 దగ్గర. ఎక్స్‌బాక్స్ తరహాది కొత్తగా ఉన్నప్పుడే 3000 దాటి నిలబడిందంటే నా లెక్కలో అది వాపసు సరుకే. ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కుతుంటే అంకెలు మెట్టుమెట్టుగా పెరగాలి, గెంతకూడదు. స్టిక్‌ని ఒక మూలకి తోసి వదిలినప్పుడు ప్రతిసారీ దాదాపు ఒకే అంకె దగ్గర ఆగాలి. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు అయస్కాంతంతో కొలుస్తాయి, లోపల రాసుకునే పొర ఉండదు. అందుకే డ్రిఫ్ట్ (ముట్టుకోకుండానే స్టిక్ కదిలినట్టు కనిపించడం) గురించి భయపడేవాళ్లకి బ్రాండ్ పేరు కన్నా ఆ మాట చూడమంటాను.

ఇక్కడ ఒక పాత సలహా ఇంకా తిరుగుతోంది: డ్రిఫ్ట్ ఉంటే జేఎస్‌కాల్‌తో సరిచేయమని. జేఎస్‌కాల్ సరిచేసేది జేఎస్0 లాంటి పాత జాయ్‌స్టిక్ ఫైళ్లని మాత్రమే. ఎస్‌డీఎల్ (చాలా ఆటలు వాడే లైబ్రరీ), స్టీమ్ చదివేది ఈవ్‌డెవ్ అనే కొత్త దారిని. గంటసేపు కష్టపడి కాలిబ్రేట్ చేసినా ఆటలో ఏ మార్పూ రాదు. డెడ్‌జోన్ (స్టిక్ చిన్న కదలికల్ని పట్టించుకోని మేర) పెంచుకోవాలంటే స్టీమ్‌లోనో, ఈవ్‌డెవ్-జాయ్‌స్టిక్ అనే పరికరంతోనో పెంచండి.

ఈవ్‌టెస్ట్‌లో కనిపించి స్టీమ్‌లో కనిపించకపోతే కంట్రోలర్ తప్పు కాదు, పర్మిషన్ల తప్పు. ముఖ్యంగా ఫ్లాట్‌ప్యాక్ (మిగతా సిస్టమ్‌కి విడిగా నడిచే ప్యాకేజీ) రూపంలో స్టీమ్ వాడేవాళ్లు స్టీమ్-డివైసెస్ ప్యాకేజీని అసలు సిస్టమ్ మీద వేయాలి, ఫ్లాట్‌ప్యాక్ లోపల కాదు. బటన్లు పనిచేస్తున్నా గైరో, లైట్ రాకపోవడానికీ ఇదే కారణం, కంట్రోలర్‌తో నేరుగా మాట్లాడే హిడ్‌రా ఫైళ్ల మీద మీకు హక్కు లేదు. మెనూలో ఒక్కసారి నొక్కితే రెండడుగులు కదులుతోందా? ఆట అసలు కంట్రోలర్‌నీ, స్టీమ్ సృష్టించిన నకిలీ ఎక్స్‌బాక్స్ 360నీ రెండింటినీ చదువుతోంది. ఆ ఆట ప్రాపర్టీస్‌లో స్టీమ్ ఇన్‌పుట్‌ని ఆపేయండి.

ఏదీ కొనకముందు ఇంట్లో పాతది ఏదైనా ఉంటే అదే గుచ్చి చూడండి. లైట్ వెలిగి ఎల్ఎస్‌యూఎస్‌బీలో కొత్త వరుస రాకపోతే కేబుల్ మార్చండి. ఫోన్లతో, హెడ్‌ఫోన్లతో వచ్చే కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కే, డేటా తీగలే ఉండవు.