ఊరు మార్చకండి, ఏడాది మార్చండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పిట్స్‌బర్గ్ శివారులో సొంత ఇంట్లో ఉంటున్నాం. హెచ్-1బి వీసా మీద ఉన్నాను, ఐ-140 (యజమాని వేసే గ్రీన్‌కార్డు పిటిషను) ఆమోదం పొందింది, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాను. బేస్‌మెంట్‌లో 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున హెచ్ఓ స్కేలులో (అసలు కొలతలో 87వ వంతు) ఒక మోడల్ రైల్వే లేఔట్ కట్టుకున్నాను. అది 1953 నాటి పెన్సిల్వేనియా రైల్‌రోడ్, అల్టూనా దగ్గర కొండల్లో రైలుదారి తిరిగే హార్స్‌షూ కర్వ్ అనే వంపు. 11 ఆవిరి ఇంజన్లు, 8 డీజిల్ ఇంజన్లు, 160 సరుకు పెట్టెలు, 14 ప్రయాణికుల పెట్టెలు ఉన్నాయి, జాబితా జతచేశాను. ఇప్పుడు దాన్ని మార్చాలనుకుంటున్నాను. మా నాన్నగారు కాజీపేటలో డ్రైవరుగా పనిచేశారు కాబట్టి, మొత్తం తీసేసి 1980ల నాటి కాజీపేట కట్టాలని ఒక కోరిక ఉంది, దానికి 16,000 డాలర్లు అవుతుందని లెక్క వేశాను. లేదంటే ఇదే చోటును 1978 నాటికి, అంటే ఆ లైను కాన్‌రైల్ సంస్థ చేతికి వచ్చిన కాలానికి తీసుకురావచ్చు, అన్నీ కొత్తగా కొంటే 9,500 డాలర్లు. సేవింగ్స్‌లో 34,000 డాలర్లు ఉన్నాయి, ఇంటి ఖర్చు నెలకు 6,800. సేవింగ్స్ నుంచి తీయాలా, 401(కె) రిటైర్మెంట్ ఖాతా మీద అప్పు తీసుకోవాలా? క్లబ్బులో మిత్రులు తమ పెట్టెలకు రంగులు వేసి పాతబడినట్టు చేసి పెట్టమని పెట్టెకు 25 డాలర్లు ఇస్తామంటున్నారు, ఆ డబ్బు కలిసివస్తుందా? అమ్మాయి రెండేళ్లలో కాలేజీకి వెళ్తుంది. మా ఆవిడకు ఈ ఖర్చు ఇష్టం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో రెండు మార్పులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కాలాన్ని మార్చడం, రెండోది చోటును మార్చడం. ఖర్చు విషయంలో ఈ రెండింటికీ పోలిక లేదు కాబట్టి వీటిని విడదీసి చూస్తే తప్ప సేవింగ్సా, అప్పా అన్న ప్రశ్నకు జవాబు తేలదు. నా సలహా ముందే చెబుతాను: ఊరును అలాగే ఉంచి ఏడాదిని మాత్రం 1953 నుంచి 1978కి జరపండి, ఆ మార్పుకు కావలసిన డబ్బును మీ బేస్‌మెంట్‌లోని అలమారాల నుంచే తీయండి, సేవింగ్స్‌నూ 401(కె)నూ ముట్టుకోకండి. కాజీపేటను వదులుకోమని నేను అనడం లేదు, దానికి వేరే దారి ఉంది, చివర చెబుతాను.

ముందు సేవింగ్స్ సంగతి. నెలకు 6,800 చొప్పున ఆరు నెలల ఖర్చు 40,800 డాలర్లు అవుతుంది, మీ దగ్గర ఉన్నది 34,000. అంటే అత్యవసర నిధి ఇప్పటికే దాదాపు ఏడు వేలు తక్కువగా ఉంది. పౌరులకైతే మూడు నెలల నిధి చాలునని కొందరు సలహాదారులు అంటారు, కానీ హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది, ఆ రెండు నెలల్లో కొత్త ఉద్యోగం దొరక్కపోతే ఇల్లు అమ్మడం, అమ్మాయి చదువు, తిరుగు ప్రయాణం అన్నీ ఒకేసారి మీద పడతాయి. అందుకే ఆ 34,000లో ఒక్క డాలరు కూడా రైలు పెట్టెల మీద పెట్టమని నేను చెప్పలేను. 401(కె) అప్పు ఇంకా ప్రమాదకరం. ఉద్యోగంలో ఉన్నంతకాలం అది మన డబ్బును మనమే తీర్చుకుంటున్నట్టు హాయిగా కనిపిస్తుంది. ఉద్యోగం పోతే మాత్రం, మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా కట్టలేని పక్షంలో దాన్ని మీరు సొమ్ము తీసుకున్నట్టే లెక్కగట్టి ఆదాయపు పన్నుతో పాటు, మీకు 59½ ఏళ్లు నిండలేదు గనుక, 10 శాతం జరిమానా కూడా వేస్తారు. జీతం ఆగిన ఏడాదే ఈ బిల్లు వస్తుంది. అమ్మాయి కాలేజీ పొదుపు ఖాతా (529)లో నెలనెలా వేస్తున్నది ఏదైనా ఉంటే దాన్ని కూడా ఆపకండి.

మిత్రులు ఇస్తామంటున్న 25 డాలర్ల గురించి గట్టిగానే చెప్పాలి: వద్దు. మీ సొంత వస్తువులను మీరు అమ్ముకోవడం వేరు, ఇతరులకు పనిచేసి డబ్బు తీసుకోవడం వేరు. హెచ్-1బి మీద మీ యజమాని దగ్గర తప్ప మరోచోట చేసే సంపాదన అనుమతి లేని ఉద్యోగమవుతుంది. ఇన్నేళ్ల నిరీక్షణను రెండు వందల డాలర్ల రంగుపనికి పణంగా పెట్టకండి. అలాగే చవకగా కొని లాభానికి అమ్మే అలవాటు మొదలైతే అది కూడా వ్యాపారం కిందికి జారుతుంది, సందేహముంటే ఇమిగ్రేషన్ లాయరును ఒక్కసారి అడగండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక లేఔట్‌లో డబ్బు ఎక్కడ ఇరుక్కుని ఉందో చూస్తే, కొండలూ చెట్లూ కంటికి ఎంత పెద్దగా కనిపించినా వాటి విలువ తక్కువ, బల్లలు, పట్టాలు, వైరింగు, డిజిటల్ కంట్రోలు మధ్యస్థం, చక్రాల మీద తిరిగేదే అత్యధికం. చోటును మార్చితే ఈ మూడూ పోతాయి. కాజీపేట కడితే అలెఘెనీ కొండల స్థానంలో దక్కను బండరాళ్లూ తాటిచెట్లూ రావాలి, 160 పెట్టెల్లో ఒక్కటి కూడా పనికిరాదు, అమెరికన్ పెట్టెల కొక్కేలకూ చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో తయారైన మన పెట్టెల బఫర్లకూ పొత్తు కుదరదు. పట్టాల సంగతి మీకు తెలిసే ఉంటుంది: మీరు పరిచిన 16.5 మిల్లీమీటర్ల పట్టా 1,435 మిల్లీమీటర్ల అమెరికన్ గేజీకి సరైన కొలత, మన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజీని 1:87 స్కేలులో నిజాయితీగా చూపాలంటే 19.3 మిల్లీమీటర్లు కావాలి. పైగా భారతీయ మోడళ్లు ఇక్కడి దుకాణాల్లో వరుసగా దొరికేవి కావు, విదేశం నుంచి తెప్పించుకోవాలి, 800 డాలర్లలోపు పార్శిళ్లకు ఇదివరకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో అన్ని దేశాలకూ నిలిచిపోయింది. మీ 16,000 లెక్కలో ఈ సుంకం ఉన్నట్టు కనిపించలేదు.

ఏడాదిని మాత్రమే మార్చితే పరిస్థితి పూర్తిగా వేరు. హార్స్‌షూ కర్వ్ 1854లో మొదలైనప్పటి నుంచీ అదే కొండ, అదే వంపు. 1953లో ఉన్న నాలుగు లైన్లు 1978లోనూ ఉన్నాయి, కాన్‌రైల్ ఒక లైనును తీసేసింది 1981లో. కాబట్టి మీరు 1978ని ఎంచుకోవడం పట్టాల పరంగా ఒక్క మేకు కూడా పీకనక్కరలేని నిర్ణయం. తెలిసి ఎంచుకున్నారో, అదృష్టమో గాని, 1982 అని రాసి ఉంటే మీ ఖర్చు పెరిగేది.

ఆ రైల్వే కథ కూడా మీ పర్సుకు అనుకూలంగానే నడిచింది. వందేళ్లకు పైగా ఏటా డివిడెండు తప్పకుండా పంచిన పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1968 ఫిబ్రవరి 1న న్యూయార్క్ సెంట్రల్‌తో కలిసి పెన్ సెంట్రల్ అయింది, రెండున్నరేళ్లు తిరక్కుండానే 1970 జూన్‌లో, అప్పటికి అమెరికా చరిత్రలో అతిపెద్దదైన దివాలాగా కూలిపోయింది. (డివిడెండు చరిత్ర చూసి షేరు కొంటామనే పాఠకులకు నేను తరచు ఈ ఉదాహరణే చెబుతుంటాను.) 1976 ఏప్రిల్ 1న కాన్‌రైల్ మరికొన్ని దివాలా రైల్వేలతో సహా దాన్ని తీసుకుంది. ఇన్ని సంస్థల ఇంజన్లకూ పెట్టెలకూ ఒకేసారి నీలిరంగు వేసే స్తోమత ఎవరికీ లేకపోవడంతో, 1978లో ఒకే రైలుకు నల్లటి పెన్ సెంట్రల్ ఇంజనూ, నీలి కాన్‌రైల్ ఇంజనూ, రీడింగ్ రైల్వే వారి ఆకుపచ్చ ఇంజనూ కట్టి ఉండటం మామూలు దృశ్యం. పాత పేరు మీద చిన్న రంగుపట్టీ కొట్టి కొత్త నంబరు రాసిన ఇంజను అప్పటి కాలానికి అసలైన గుర్తు. బీద కాలాన్ని చూపించడానికి ఖర్చు తక్కువే అవుతుంది మరి.

అందుచేత మీ 8 డీజిళ్లలో నాలుగు జీపీ7లు, ఒక ఆర్ఎస్-3 నిశ్చింతగా మిగులుతాయని నేను అనుకుంటున్నాను. మీ జాబితాలోని మూడు బాల్డ్‌విన్ కంపెనీ ఇంజన్లు మాత్రం అమ్మకానికి వెళ్తాయి. ఆవిరి ఇంజన్లు పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మీద 1957లోనే ఆగిపోయాయి కాబట్టి 11లో 10 అమ్మాలి. 10 అని ఎందుకు అన్నానంటే, ఆ రైల్వే 1361 నంబరు కె4 ఇంజనును 1957లో సరిగ్గా ఆ వంపు మధ్యనే ప్రదర్శనకు నిలబెట్టింది, 1985 వరకూ అది అక్కడే ఉంది. మీ కె4ను చిన్న పట్టా ముక్క మీద పార్కులో నిలబెట్టండి, 1978కి అది ఎంతమాత్రం తప్పు కాదు, మీకూ దాన్ని అమ్ముకునే బాధ తప్పుతుంది.

సరుకు పెట్టెల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. మీ 40 అడుగుల బాక్సుకారు కప్పు మీద పొడవునా ఒక నడకపలక ఉంటుంది. 1966 తరువాత కొత్త పెట్టెలకు దాన్ని పెట్టడం మానేశారు, పాతవాటి నుంచి కూడా క్రమంగా తీసేశారు. సన్నటి బ్లేడుతో ఆ పలకను లేపి, రంధ్రాలను పుట్టీతో పూడ్చి, మూలనున్న నిచ్చెనను సగానికి కత్తిరించి, పక్కన నల్లటి లూబ్రికేషన్ పట్టీ, 1978లో చక్రాల తనిఖీ కోసం వేసిన చిన్న పసుపు చుక్క డెకాల్‌గా, అంటే అంటించే ముద్రగా, అతికిస్తే ఆ పెట్టె పాతికేళ్లు ముందుకు వచ్చేస్తుంది. దీనికి ఒక సాయంత్రమూ, పెట్టెకు రెండు మూడు డాలర్లూ చాలు. అలా 90 పెట్టెలు నిలబడతాయి. మరీ పాత రకాలు 70 అమ్మేయండి.

లెక్క ఇలా వస్తుంది. ప్లాస్టిక్ ఆవిరి ఇంజన్లు ఏడింటికి రుసుములు పోను 160 చొప్పున 1,120, మూడు బ్రాస్ (ఇత్తడి) ఇంజన్లకు 600 చొప్పున 1,800, బాల్డ్‌విన్‌లు మూడింటికి 270, ప్రయాణికుల పెట్టెల్లో పదింటికి 250, సరుకు పెట్టెలు డెబ్బైకి 12 చొప్పున 840. మొత్తం 4,280 డాలర్లు. ప్రయాణికుల పెట్టెల్లో స్టెయిన్‌లెస్‌వి నాలుగు ఉంచుకోండి, 1971 నుంచి ఆ రైళ్లు ప్రయాణికుల రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్‌వి కాబట్టి కిటికీల మీద ఎరుపు, నీలం చారలు అంటిస్తే సరిపోతుంది. కొనాల్సినవి: 300 చొప్పున రెండు ఎస్‌డీ40 డీజిళ్లు, 250కి ఒక నీలి జీపీ38-2, 300కి ఆమ్‌ట్రాక్ ఈ8 ఒకటి, అంటే 1,150. 50 అడుగుల బాక్సుకార్లు, కవర్డ్ హాపర్లు, ట్రక్కు ట్రెయిలర్లు మోసే ఫ్లాట్‌కార్లు కలిపి 45 చొప్పున పాతిక, అంటే 1,125. రోడ్డు మీది కార్లు, దుకాణాల బోర్డులు, ఒకటి రెండు భవనాలకు 500, రంగులకూ డెకాల్స్‌కూ 250. మొత్తం 3,025 డాలర్లు. మీరు వేసిన 9,500లో మూడోవంతు కూడా కాదు, చేతి డబ్బు ఒక్క డాలరు కూడా పడదు, ఇంకా 1,255 మిగులుతుంది. అమ్మకం ధరల్ని నేను కాస్త తగ్గించే వేశాను.

ఒక్క షరతు: అమ్మిన డబ్బు చేతికి వచ్చాకే కొనండి. బ్రాస్ ఇంజన్ల విషయంలో మీ కొనుగోలు ధర మీద ఆశ పెట్టుకోకండి, పాత తరం అభిరుచివారి సేకరణలు వరుసగా సంతకు వస్తున్నందున అవి ఒకప్పటి ధర పలకడం లేదు. దుకాణదారుడికి మూటగా ఇస్తే సగం కూడా రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఆన్‌లైన్‌లో విడివిడిగా పెట్టండి, మిగిలినవాటిని జనవరి చివర మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగే పెద్ద రైల్వే మోడళ్ల ప్రదర్శనకు పట్టుకెళ్లవచ్చు, అయితే ప్రయాణం, హోటలు ఖర్చును రాబడి నుంచి తీసేసి చూసుకోండి.

పన్ను విషయంలో భయపడాల్సింది పెద్దగా లేదు. సొంతానికి వాడుకున్న వస్తువును కొన్న ధర కంటే తక్కువకు అమ్మితే పన్ను ఉండదు, అలాగని ఆ నష్టాన్ని రిటర్నులో చూపి లాభం పొందడమూ కుదరదు. ఏదైనా బ్రాస్ ఇంజను కొన్న ధర కంటే ఎక్కువ పలికితే ఆ లాభం మాత్రం పన్నుకు లోబడుతుంది. అమ్మకాల వేదిక నుంచి 1099-కె (మీకు చేరిన సొమ్మును పన్ను శాఖకు తెలిపే ఫారం) రావడానికి ఏడాదికి 20,000 డాలర్లూ, 200 లావాదేవీలూ రెండూ దాటాలి, కానీ ఫారం రాకపోయినా లాభం లాభమే. రసీదులు వెతికి పెట్టుకోండి. అమ్మకానికి తీసే ఫొటోలనే ఇంటి బీమాకు జాబితాగా కూడా దాచుకోండి, బేస్‌మెంట్‌లో సంప్ పంపు ఆగి నీళ్లు నిండితే మామూలు పాలసీ సాధారణంగా చెల్లించదు, దానికి విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనపు చేర్పు) ఉందో లేదో ఏజెంటును అడగండి.

ఇప్పుడు కాజీపేట. రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల ఒక విడి బల్ల మీద లోకోషెడ్డు ఒక్కటే కట్టండి. ఊరంతా అక్కరలేదు: రెండు షెడ్డు లైన్లు, ఇంధనం నింపే చోటు, టీ బండి, వేపచెట్టు, రెండు డబ్ల్యుడీఎం-2 డీజిల్ ఇంజన్లు. పట్టా 16.5 మిల్లీమీటర్లదే ఉండనివ్వండి, అంత చిన్న దృశ్యంలో ఆ తేడా మీకు తప్ప ఎవరికీ కనిపించదు. ఆ ఇంజను స్వయంగా న్యూయార్క్ రాష్ట్రం షెనెక్టడీలోని ఆల్కో కంపెనీ డిజైను, మీ ఆర్ఎస్-3 పుట్టిన కంపెనీయే, కాబట్టి బేస్‌మెంట్‌లో అది మరీ పరాయిదిగా ఉండదు. అమ్మకాల్లో మిగిలిన 1,255 దీని మూలధనం, పైన కావలసినదాన్ని నెలకు 75 డాలర్ల చొప్పున కూడబెట్టండి, అత్యవసర నిధి 40,800కు చేరాకే ఆ 75 మొదలవ్వాలి. రేపు ఉద్యోగం వల్ల ఊరు మారాల్సి వచ్చినా, దేశమే మారాల్సి వచ్చినా 12×20 లేఔట్ ఇక్కడే రంపానికి బలవుతుంది, ఈ బల్ల మాత్రం కారు వెనుక సీట్లు మడిస్తే పడుతుంది. మీ శ్రీమతికి ఈ ఉత్తరంలోని లెక్కల పేరా ఒక్కటి చూపించండి. నాన్నగారు నడిపిన ఇంజను నంబరు గుర్తుంటే రెండింట్లో ఒకదానికి అదే వేయించండి, డెకాల్ షీటు ఎనిమిది డాలర్లు దాటదు.