క్రీడాకారులకు చిరుధాన్యాల ఆహారం: ఏ చదువుతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది, 800 మీటర్ల పరుగులో జిల్లా స్థాయి పోటీలకు వెళ్తుంది. చిరుధాన్యాలతో క్రీడాకారులకు ఆహార ఉత్పత్తులు రూపొందించే పని చేస్తానంటోంది. ఏ కోర్సు మేలు? ఉద్యోగాలు ఉంటాయా? – ఒక తండ్రి, అనంతపురం

సమాధానం: ఈ పేరుతో డిగ్రీ కోర్సు గానీ ఉద్యోగ ప్రకటన గానీ మీకు సాధారణంగా కనిపించదు. ఫుడ్ టెక్నాలజీ, క్రీడా పోషకాహారం కలిసే చోట ఉన్న పని ఇది కాబట్టి, ఏ వైపు నుంచి ప్రవేశించాలో ముందు తేల్చుకోవాలి.

చిరుధాన్యాలు ఆరోగ్యానికి మంచివన్న మాట ఇప్పుడు అందరూ అంటున్నదే. ఈ రంగంలో అసలు ప్రశ్న ఏ ధాన్యాన్ని, ఏ రూపంలో, పరుగుకు ఎన్ని గంటల ముందు ఇవ్వాలన్నది. మీ ప్రాంతపు రాగి సంగటి ఎంత బలమైనదైనా, దానిలోని పీచు వల్ల నెమ్మదిగా అరుగుతుంది కనుక, తిన్న వెంటనే ట్రాక్ మీదికి వెళ్తే కడుపు బరువుగా ఉంటుంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నా, మాంసకృత్తులు సుమారు ఏడు గ్రాములే, వాటిలోనూ లైసిన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లం తక్కువ. అందుకే సాధన తర్వాత తాగే జావకు పాలో, పెసర లేదా శనగ పిండో తోడు కావాలి. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పడితే, మొలకల్లో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొట్టడం వల్ల జావ పలుచగా వస్తుంది, ఇనుమును ఒంటబట్టనీయకుండా అడ్డుకునే ఫైటేట్లు తగ్గి అది మెరుగ్గా ఒంటబడుతుంది. మన ఇళ్లలో ఎప్పటినుంచో చేస్తున్న ఈ పనిని కొలతలతో, ప్రతిసారీ ఒకే నాణ్యతతో చేయడమే ఉత్పత్తి రూపకల్పన. సజ్జ పిండి కొద్ది రోజులకే చేదెక్కకుండా నిలబెట్టడం కూడా ఇలాంటి సమస్యే.

అందువల్ల నా ఓటు ఫుడ్ టెక్నాలజీకే. బాపట్ల, పులివెందులలోని ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాలల్లో ఈ బీటెక్ ఉంది. బైపీసీ వారికీ అవకాశం ఉంటుంది, ఈఏపీసెట్ ప్రకటనలో సీట్ల వివరాలు చూసుకోండి. క్రీడాకారులకు ఆహార ప్రణాళిక వేయడం మీదే ఆసక్తి ఎక్కువైతే, పోషకాహారంలో బీఎస్సీ చేసి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎంఎస్సీ స్పోర్ట్స్ న్యూట్రిషన్‌కు ప్రయత్నించవచ్చు. సొంత ఉత్పత్తి పెట్టాలనుకునేవారికి రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ వారి న్యూట్రిహబ్ అనే అంకుర సంస్థల ప్రోత్సాహక కేంద్రం సాంకేతిక సాయం అందిస్తుంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. చదువు పూర్తయ్యాక మొదట దొరికేది ఆహార కంపెనీల్లో నాణ్యత పరీక్ష, ఉత్పత్తి విభాగాల పనే. క్రీడాకారుల ఆహారం దాకా చేరడానికి కొన్నేళ్లు పడుతుంది. కాబట్టి ఆ ఆశ ఒక్కదాని మీదే అప్పు చేసి ఖరీదైన ప్రైవేటు కోర్సులో చేర్పించవద్దు.

ఈలోగా మీ అమ్మాయిని తన సాధన రోజుల్లో ఏం తిన్నది, పరుగుకు ఎంత ముందు తిన్నది, కడుపు ఎలా ఉన్నది, టైమింగ్ ఎంత వచ్చింది అన్నవి ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి. పబ్లిక్ పరీక్షల ముందు మాత్రం అలవాటున్న భోజనాన్ని మార్చవద్దు.