నిరాశ్రయుల వసతి గృహంలో ఎటువంటి కార్యక్రమాలు చేపట్టాలి?

నెల్లూరులో నిరాశ్రయుల వసతి గృహానికి వారానికోసారి వెళ్లే మీ బృందం, భజనలు, ఆటలు కాక ఇంకేమి చేయవచ్చునని అడిగింది. అక్కడ ఉండేవారిలో పలువురు పగలు కూలికో, హోటల్ పనికో వెళ్తారు కనుక సాయంత్రం ఏడు తరువాతి వేళను ఎంచుకోండి. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్, లక్ష జనాభాకు వంద మందికి సరిపడే వసతి ఉండాలనడమే కాక, పింఛను, రేషన్, గుర్తింపు కార్డుల వంటి వాటితో నిరాశ్రయులను అనుసంధానించాలని కూడా చెప్పింది; కాబట్టి దరఖాస్తు నింపిపెట్టడం, సంతకం నేర్పడం సైతం మంచి కార్యక్రమాలే. అయితే నా దృష్టిలో అన్నిటికన్నా మేలైనది వంట: మీరు వడ్డించే బదులు, అక్కడ ఉండేవారిలో చేయి తిరిగినవారి చేతనే చేపల పులుసు పెట్టించి, పులుపు ఎంత ఉండాలో వారినే తేల్చుకోనివ్వండి. ఫోటోలు మాత్రం తీయకండి.