ఆ పాక్ వేరు, ఈ పాక్ వేరు

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. కొత్తపట్నం కుర్రాడు బోటెక్కి రామేశ్వరం దాకా పోయిన ముచ్చట బాగుంది. బోటులో అన్నం వండుకునే చోటైతే మరీ బాగుంది, ఆ పొగ నా కళ్లకూ తగిలింది. అయితే మనకీ శ్రీలంకకీ నడుమ ఉన్న సముద్రం గురించి ఒకచోట "పాక్ జలసంధి దాటితే అవతలంతా శత్రుదేశమే" అని రాశావు. ఆ మాట నీ కుర్రాడు అని ఉంటే ముచ్చటగా ఉండేది, పక్కన ఎవరో ఒకరు నవ్వి సరిదిద్దేవాళ్లు. కానీ అది అన్నది కథ చెప్పే నువ్వు.

నవ్వానని అనుకోకు. ఆ హక్కు నాకు లేదు. పత్రికలో సబ్ఎడిటర్‌గా చేరిన కొత్తల్లో ఎవరో రాసిన వార్తలో 'పాక్ జలసంధి' అని ఉంటే, పొట్టి మాట ఎందుకు, పూర్తిగా రాద్దామని 'పాకిస్తాన్ జలసంధి' చేశాను. తెల్లారేసరికి అచ్చులో ఉంది. ఆ రోజు టెన్షన్‌తో అన్నం తినలేదు.

ఆ పాక్ అన్నది మనిషి పేరు నాయనా. రాబర్ట్ పాక్ అని 1763 నుంచి 1767 దాకా మద్రాసు గవర్నరుగా చేసినాయన. ఇంగ్లిష్‌లో ఆ పేరు మధ్యలో ఒక 'ల్' ఉంటుంది, వాక్, టాక్ మాటల్లో లాగే అది పలకదు. మనం పలికినట్టే రాసుకునేసరికి ఆ 'ల్' పోయింది, 1947లో పుట్టిన దేశం పొట్టి పేరూ, ఈయన పేరూ ఒకటై కూర్చున్నాయి. మీ ఊరి పక్కన పారే బకింగ్‌హాం కాలువ కూడా ఇలాంటిదే, 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న డ్యూక్ పేరది. దొరలు పోయినా నీళ్లకు పెట్టిన పేర్లు ఉండిపోయాయి.

పేరు సంగతి అది. ఇక జలసంధికి ఇంగ్లిష్‌లో ఉన్న 'స్ట్రెయిట్' అనే మాట చూడు. తిన్నగా అనే అర్థం వచ్చే స్ట్రెయిట్ వేరు, ఇది వేరు. వినడానికి రెండూ ఒకటే, స్పెల్లింగు తేడా. ఇంగ్లిష్ వాళ్లే తడబడుతుంటారు. దీనికి మూలం లాటిన్‌లో బిగించినది, ఇరుకైనది అని చెప్పే మాట. అందుకే డబ్బు లేక చిక్కుల్లో పడ్డవాణ్ని 'డయర్ స్ట్రెయిట్స్'లో ఉన్నాడంటారు. మనమూ అంతేగా, ఇరుకులోంచే ఇరకాటం తెచ్చుకున్నాం. ఇంగ్లిష్ వాడుకలో ఇంకో తిరకాసు ఉంది. పాక్, బేరింగ్ లాంటి మనుషుల పేర్లయితే చాలావరకు ముందు వస్తాయి. హోర్ముజ్, జిబ్రాల్టర్ లాంటి చోట్ల పేర్లు ఎక్కువగా 'స్ట్రెయిట్ ఆఫ్' తర్వాత వస్తాయి. తెలుగులో ఈ బాధ లేదు, ఏ పేరైనా ముందే.

నాకు ఎప్పుడూ వింతగా తోచేది ఒకటుంది. అదే నీటిని చూసి ఇంగ్లిష్ వాడు ఇరుకు అన్నాడు. మనం సంధి అన్నాం, రెండు సముద్రాలు కలిసే చోటని. తమిళులు నీరిణై అంటారు, అందులోనూ కలయికే ఉంది. మరి ఇరుకు మన కంట పడలేదా అంటే, పడింది. సంధి నోట నాని సందు అయింది. నెల్లూరు సందుల్లో రెండు ఆటోలు ఎదురుపడితే తెలుస్తుంది స్ట్రెయిట్ అంటే ఏమిటో!

పేరు విప్పి చూడటం అలవాటు చేసుకుంటే ఇలాంటివి చాలా దొరుకుతాయి. ఎర్రసముద్రం కింది కొసన ఉన్న బాబ్ ఎల్ మందెబ్ అంటే అరబ్బీలో కన్నీటి గుమ్మం. ఇస్తాంబుల్ దగ్గరి బాస్ఫరస్ గ్రీకు మాట, ఆవు దాటిన చోటు అని. ఎద్దులు దాటే రేవు అనే అర్థంతోనే ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఉంది. అంత పెద్ద చదువుల ఊరి పేరు వెనక పశువులు దాటే రేవు ఉందని తెలిసిన రోజు, మన వాడరేవు తలుచుకుని ఎంత సంబరపడ్డానో.

అలాగని ఇవన్నీ కథలో కుక్కొద్దు. విప్పి చూడటం నీ కోసం, పాఠకుడికి పాఠం చెప్పడానికి కాదు. పాక్ పేరును అనువదించకు, ఉన్నదున్నట్టు ఉంచు. కావాలంటే 'శ్రీలంకకీ మనకీ మధ్య' అని పక్కన నాలుగు మాటలు వెయ్యి, పాకిస్తాన్ పీడ వదులుతుంది.

ఇంకొక్కటి. నీ కథలో చేపల వేటకు పోయే పెద్దాయన నోట కూడా 'జలసంధి' అనిపించావు. అది మనకు జాగ్రఫీ పుస్తకం నేర్పిన మాట. గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోటును మొగ అనే మనిషి, అటు నేల, ఇటు నేల, నడుమ ఉప్పునీళ్లు ఉంటే ఏమంటాడు? నాకు తోచింది రాసి నీకు ఇవ్వను. మీ నాన్న వేట నుంచి వచ్చి వల ఆరేసుకునే వేళ పక్కన కూర్చుని అడుగు. ఆయన అన్న మాట అన్నట్టే రాసి, కథతో పాటు నాకు పంపు.

నీ
మాస్టారు