ఆట లోకం సినిమాలు పిల్లలకు అర్థం కావాలంటే

తమ్ముడూ, పర్లాకిమిడిలో మీ ట్యూషన్ పిల్లలు ‘రెడీ ప్లేయర్ వన్’లో ఏది ఆట, ఏది నిజమో తేల్చుకోలేక మధ్యలోనే లేచిపోయారన్నావు. ముందు 2017 నాటి ‘జుమాంజీ’ వెయ్యి. అందులో వీడియో ఆటలోకి వెళ్లగానే నలుగురు టీనేజర్లకీ ఒళ్లే మారిపోతుంది. ఒకరిని నీటిగుర్రం మింగేస్తుంది, ఆ వెంటనే ఆకాశం నుంచి ఊడిపడతారు, చేతి మీద ప్రాణాలకు గుర్తుగా ఉన్న మూడు గీతల్లో ఒకటి పోతుంది. సరిగ్గా అక్కడ ఆపి, ఎన్ని ప్రాణాలు మిగిలాయో ఒడియా పిల్లల్ని ఒడియాలో, మనవాళ్లను తెలుగులో అడుగు. కొన్ని జోకులు పెద్దవాళ్లవి, ముందు నువ్వొకసారి చూసుకో.

తర్వాత స్పీల్‌బర్గ్ తీసిన ఆ ‘రెడీ ప్లేయర్ వన్’ పెట్టు. గుర్తు ఒకటే: మనుషులు యానిమేషన్ బొమ్మల్లా ఉంటే ఒయాసిస్ అనే ఆట లోకం, మామూలుగా ఉంటే నిజం లోకం, అంటే 2045 నాటి అమెరికాలోని కొలంబస్ నగరం. విలన్‌ను బురిడీ కొట్టించే సీన్‌లో మాత్రం ఆ గుర్తు కావాలనే తప్పుతుంది, అది ముందే చెప్పకు. ‘మ్యాట్రిక్స్’ సినిమా ఇప్పుడే వద్దు, అందులో నిజం లోకంలోనూ, కంప్యూటర్ లోకంలోనూ అవే మొహాలు.